అంగుష్ఠం – ఆలంబనం: ఒక పసిబిడ్డ అలవాటులో అభ్యాస వైరాగ్యాలు

ఇక్ష్వాకు వంశంలో యువనాశ్వుడనే మహారాజు ఉండేవాడు. సంతానం లేక అరణ్యవాసం స్వీకరించిన ఆ రాజు ఒక రాత్రి దాహానికి తాళలేక, రాణి కోసం ఋషులు మంత్రించి ఉంచిన కలశోదకాన్ని తెలియక తానే త్రాగాడు. కాలక్రమంలో ఆయన పార్శ్వాన్ని భేదించుకొని ఒక శిశువు ఉదయించింది. మాతృగర్భంలో పెరగని ఆ బిడ్డకు స్తన్యమిచ్చేవారెవరు? ఋషులు దిక్కుతోచక నిలిచిన ఆ క్షణంలో దేవేంద్రుడు వచ్చి తన చూపుడువేలిని శిశువు నోట ఉంచాడు. ఆ వేలిని ఆస్వాదిస్తూ పెరిగి పెద్దవాడై, సప్తద్వీపాలను ఏలిన చక్రవర్తి మాంధాత. బిడ్డకు ఇంద్రుడిచ్చిన ఆ అభయమే అతనికి నామధేయమైనదని పురాణజ్ఞులు చెబుతారు. మహాభారతం అరణ్యపర్వంలోను, శ్రీమద్భాగవతం నవమ స్కంధంలోను ఈ ఉపాఖ్యానం ఉన్నది.

సాధారణంగా ఈ కథను అద్భుత జన్మవృత్తాంతంగా చదివి ముందుకు సాగిపోతారు. ఇందులో సూక్ష్మంగా గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఏడుస్తున్న శిశువు నోటికి వేలు ఎందుకు చేరింది? తల్లి లేదు గనుక చేరింది. తల్లి ఉండవలసిన స్థానంలో ఏర్పడిన శూన్యాన్ని ఒక వేలు తాత్కాలికంగా పూరించింది. వేలు చీకే ప్రతి బిడ్డ విషయంలోను పెద్దలు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదే: ఈ వేలు ఏ లోటును పూరిస్తున్నది?

ఈ ప్రశ్న వేసుకోకుండా వేలిపైనే యుద్ధం ప్రకటించడం లోకంలో అన్ని దేశాలలోను ఉన్నది. 1845లో జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో హైన్రిక్ హాఫ్‌మన్ అనే వైద్యుడు పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం ప్రచురించాడు. అందులో తల్లి బయటకు వెళ్ళిన సమయంలో వేలు చీకిన బాలుని బొటనవ్రేళ్ళు రెండింటినీ ఒక దర్జీ పెద్ద కత్తెరతో ఖండిస్తాడు. ఆ పుస్తకం అనేక భాషలలోకి వెళ్ళింది. తరతరాల పిల్లలు దానిని చూసి భయపడ్డారు. ఆ కథలోనూ తల్లి ఇంట లేదన్న సంగతిని సాధకుడు గమనించాలి. తల్లి లేని వేళ అక్కడ కత్తెర వచ్చింది. మాంధాత కథలో తల్లి లేని వేళ ఇంద్రుని వేలు వచ్చింది. అయితే ఈ తారతమ్యం చూసి గర్వించవలసిన పని లేదు. తెలుగునాట ఎన్నో ఇళ్ళలో వేపాకు పసరు పూసినవారు, కారం అద్దినవారు, వాత పెడతామని బెదిరించినవారు పురాణం విన్నవారే.

పాలమూరు సీమలో ఒక ఇంట ఈ ప్రశ్న ఎలా వచ్చిందో, దానికి సమాధానం ఎంత నెమ్మదిగా లభించిందో తెలుసుకోవడం సాధకులకు ఉపకరిస్తుంది.

గోపాల్‌పేట ఒకనాటి సంస్థాన కేంద్రం. నిజాం ప్రభువుల కాలంలో వనపర్తి, గద్వాల, జటప్రోలు, అమరచింత సంస్థానాల సరసన దానికీ స్థానం ఉండేది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాను విభజించి 2016 అక్టోబరు 11న వనపర్తి జిల్లాను ఏర్పరచినప్పటి నుండి అది ఆ జిల్లాలోని మండల కేంద్రం. ఈ ప్రాంతం వేరుశనగ పంటకు పెట్టింది పేరు. దానితో పాటు దీర్ఘకాలం వలసకూ పెట్టింది పేరు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ త్రవ్వినా, మేడ లేచినా అక్కడ ‘పాలమూరు లేబర్’ ఉండేదని చెప్పుకుంటారు. ఎత్తిపోతల నీరు వచ్చిన తరువాత కొన్ని గ్రామాలలో వలస తగ్గింది గాని, నీరు అందని మెట్టచేను ఉన్న ఇంటికి బస్సుదారి తప్పలేదు.

అటువంటి ఇల్లు ఒకటి. తల్లిదండ్రులు భవన నిర్మాణపు పనికై ముంబయి వెళ్ళారు. ఆరేళ్ళ కుమార్తెను చదువు చెడకుండా ఊరిలోనే నాయనమ్మ వద్ద విడిచారు. ఆ ప్రాంతపు వాడుకలో నాయనమ్మ అంటే ‘అవ్వ’. ఆ బిడ్డకు కుడిచేతి బొటనవేలు నోట పెట్టుకునే అలవాటు పసితనం నుండే ఉన్నది. మూడేళ్ళు దాటిన తరువాత అది తగ్గుముఖం పట్టింది. తల్లిదండ్రులు వలస వెళ్ళిన తరువాత మళ్ళీ మొదలై, మునుపటికంటె బలపడింది. వేలి కణుపు మీద కాయ కాచింది. మొదటి తరగతిలో తోటి పిల్లలు పరిహసించారు. క్రొత్తగా మొలుస్తున్న పై పళ్ళు ముందుకు వంగుతున్నట్లు కనిపించడంతో అవ్వకు భయం పట్టుకున్నది. ‘కొడుకూ కోడలూ నమ్మి అప్పజెప్పిన పిల్ల’ అన్న బాధ్యత ఆమె గుండెలో బరువైనది.

మొదటి ఉపాయం వేపాకు పసరు. ఉదయం, సాయంకాలం అవ్వ వేలికి పసరు పూసింది. బిడ్డ మొదటి దినం ముఖం చిట్లించింది, రెండవ దినం కుళాయి దగ్గర కడుక్కున్నది, వారం తిరిగేసరికి చేదుతోనే చీకడం నేర్చుకున్నది. గీత ద్వితీయాధ్యాయంలో భగవానుడు సూక్ష్మమైన మాట ఒకటి చెప్పాడు. ఆహారం మానినవానికి విషయాలు దూరమవుతాయి గాని, వాటియందలి రుచి మాత్రం లోపల నిలిచే ఉంటుంది; అంతకంటె ఉన్నతమైనదానిని దర్శించినప్పుడు ఆ రుచి కూడా తొలగిపోతుంది. వేపపసరు వేలిని చేదు చేయగలిగింది. వేలు ఇచ్చే ఊరటను చేదు చేయడం దాని శక్తికి మించిన పని.

రెండవ ఉపాయం గుడ్డకట్టు. కుడి బొటనవేలికి మెత్తని పాతగుడ్డ చుట్టి దారంతో కట్టింది. ఆ రాత్రే బిడ్డ ఎడమవేలు నోట పెట్టుకొని నిద్రించింది. కర్మేంద్రియాలను బిగబట్టి మనస్సుతో విషయాలనే స్మరించేవానిని గురించి గీత మూడవ అధ్యాయం హెచ్చరిస్తుంది. ఆరేళ్ళ పిల్లకు ఆ దోషం అంటగట్టరాదు. కాని నియమం అదే: ఒక ద్వారం మూస్తే ప్రవాహం మరొక ద్వారం వెదుక్కుంటుంది.

మూడవ ఉపాయం అన్నింటికంటె హానికరమైనది. ఇంటికి వచ్చిన బంధువొకరు బిడ్డ ఎదుటనే నవ్వారు. చుట్టుపక్కల పిల్లలను పిలిచి చూపించారు. ఆనాటి నుండి బిడ్డ అందరి ముందూ వేలు చీకడం మానింది. అవ్వ సంతోషించింది. పది దినాల తరువాత ఒక మధ్యాహ్నం, బియ్యపు బస్తాల వెనుక మూలలో మోకాళ్ళ మీద తల ఆనించి, చీర చెంగు కప్పుకొని వేలు చీకుతున్న బిడ్డను ఆమె చూసింది. అలవాటు పోలేదు, చీకటిలోకి వెళ్ళింది. సిగ్గు వైరాగ్యాన్ని పుట్టించదు, కాపట్యాన్ని పుట్టిస్తుంది. ఒక చిన్న ఊరట కోసం దాగుకొనవలసి వచ్చిన బిడ్డకు ఇప్పుడు రెండు దుఃఖాలు: ఒకటి పాతది, రెండవది పెద్దలు చేర్చినది.

అప్పుడు అవ్వ బిడ్డను వెంటబెట్టుకొని వనపర్తిలోని ఒక దంతవైద్యురాలి వద్దకు వెళ్ళింది. చూషణం శిశువుకు ప్రకృతి ఇచ్చిన వరమని ఆ వైద్యురాలు వివరించింది. గర్భంలో ఉండగానే శిశువు వేలు చీకడం స్కానింగులో కనిపిస్తుంది; స్తన్యపానానికి అది పూర్వాభ్యాసం వంటిది. చాలామంది పిల్లలు రెండు నుండి నాలుగేళ్ళ మధ్య దానిని తామే విడిచిపెడతారు. అంతవరకు కంగారు పడవలసింది లేదు. శాశ్వత దంతాలు మొలిచే ఆరేళ్ళ ప్రాయంలోనూ తీవ్రంగా కొనసాగితే పై పళ్ళు ముందుకు, క్రింది పళ్ళు లోనికి ఒరుగుతాయి. ముందరి పళ్ళ నడుమ సందు ఏర్పడి, నోరు మూసినా అవి కలుసుకోవు. కొందరిలో ‘స’కారం వంటి ధ్వనుల ఉచ్చారణ చెదురుతుంది. అలవాటు త్వరగా పోతే ఆ సందు చాలావరకు దానంతట అదే పూడే అవకాశం ఉన్నది. ఇంత చెప్పి ఆమె ఒక్క సూచన చేసింది: తిట్టడం పూర్తిగా మాని, బిడ్డ ఏయే వేళల్లో వేలు నోట పెడుతున్నదో కొన్నాళ్ళు ఊరక చూడమన్నది.

అవ్వకు వ్రాత రాదు. ఆమె ఒక ఇత్తడి చెంబు తీసుకున్నది. బిడ్డ వేలు నోట పెట్టిన ప్రతిసారీ, ఏమీ అనకుండా, ఒక చింతగింజను ఆ చెంబులో వేసింది. ఉదయానికి ఒక చెంబు, మధ్యాహ్నానికి ఒక గిన్నె, సాయంకాలానికి మరొకటి, రాత్రికి ఇంకొకటి. వారం గడిచేసరికి గింజలే సంగతి చెప్పాయి. ఉదయపు చెంబు దాదాపు ఖాళీ. బడి విడిచి ఇంటికి వచ్చిన తరువాతి గంటలో, సంధ్యవేళ, నిద్రకు ముందు మాత్రం పాత్రలు నిండాయి. ఆ మూడు వేళల స్వరూపం అవ్వకు తెలియనిది కాదు. బడి విడిచే సమయానికి ఆమె చేనులో కూలికి ఉంటుంది. బిడ్డ తాళం తీసుకొని ఖాళీ ఇంట్లోకి వస్తుంది. సంధ్యవేళ ఆమె వంటలో ఉంటుంది. వీధిలో తక్కిన పిల్లలను వారి తల్లులు పేరుపెట్టి లోపలికి పిలుస్తూ ఉంటారు. నిద్రవేళ సంగతి చెప్పనక్కరలేదు.

వేదాంతం సాక్షిభావమని పేర్కొనేదానికి లౌకికమైన తొలి మెట్టు ఇటువంటిదే. నింద లేకుండా, స్తుతి లేకుండా, ఉన్నదానిని ఉన్నట్లు చూడడం. తిట్టినంతకాలం ఆమెకు కనిపించింది వేలొక్కటే. చూడడం మొదలుపెట్టిన తరువాత వేలి వెనుక ఉన్న ఇల్లు కనిపించింది.

ఆ దినాలలోనే బిడ్డ అడిగిన ప్రశ్న ఒకటి ఈ వృత్తాంతానికంతటికీ హృదయం వంటిది. ఇంట్లో గోడమీద పాత క్యాలెండరు ఒకటి ఉన్నది. అందులో వటపత్రశాయి చిత్రం: ప్రళయ జలాల మీద మర్రియాకుపై శయనించి, తన పాదాంగుష్ఠాన్ని నోట ఉంచుకున్న బాలముకుందుడు. బిడ్డ దానిని చూపి అన్నది: “అవ్వా, కృష్ణుడు గూడ చీకుతుండు గదా! ఆయనను ఎవ్వరు తిట్టరా?”

అవ్వ పొయ్యి దగ్గర నుండి లేచి వచ్చి ఆ చిత్రం ముందు చాలాసేపు నిలుచున్నది. తరువాత అన్నది: “ఆ నాడు లోకమంత నీళ్లే బిడ్డా. ఆయన పక్కన తల్లి లేదు, అవ్వ లేదు. ఒక్కడే ఉన్నడు. నీకు నేనున్న గదా.”

మాట నోట వెలువడిన తరువాత ఆమె మనస్సే ఆమెను ప్రశ్నించింది. ‘నేనున్నాను’ అన్నది నిజమేనా? ఒకే ఇంట ఉండడం వేరు, బిడ్డకు ఆ మూడు వేళల్లో లభించడం వేరు. చింతగింజలు ఆ భేదాన్ని లెక్కపెట్టి చూపుతూనే ఉన్నాయి.

భాగవతం ద్వాదశ స్కంధంలో మార్కండేయ మహర్షి దర్శించిన ఈ రూపం గంభీరమైనది. సర్వమూ లయమైన వేళ రెండవ వస్తువు లేదు. కనుక పరమాత్మ తన్ను తానే ఆస్వాదిస్తూ ఉన్నాడు. అది పూర్ణత్వానికి చిహ్నం, ఆత్మారామ స్థితికి సంకేతం. జీవుడు కూడా ఏకాంతంలో తన వేలినే తాను ఆస్వాదిస్తాడు; అది పూర్ణత్వం వలన కాదు, లోటు వలన. చిత్రం ఒకటే అయినా ఒకరు నిండుదనంతోను, మరొకరు వెలితితోను అక్కడికి చేరారు. అయినప్పటికీ ఆ పోలిక వ్యర్థమైనది కాదు. తనకు కావలసిన ఆనందం బయట దొరకనప్పుడు బిడ్డ తన దేహంలోనే దానిని వెదుకుతున్నది. వెదుకులాట సత్యమైనది, వెదికిన చోటు మాత్రమే చాలనిది. సాధకుల అన్వేషణ సైతం ఎన్నో జన్మలుగా ఇటువంటిదేనని ఆచార్యులు చెబుతారు.

మరునాటి నుండి ఇంటి దినచర్య కొద్దిగా మారింది. భాద్రపదం ముగుస్తున్న కాలమది. యాసంగి విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే పని ఇంటింటా ఉంటుంది. విత్తనపు గింజకు పొర చెదరకుండా కాయను చేత్తోనే ఒలవాలి. ఆ పనిలో బొటనవేలిదే ప్రధాన పాత్ర. అవ్వ చేనుపని మధ్యాహ్నంతో ముగించుకొని, కాయలు ఒలిచే కూలిని ఇంటికే తెచ్చుకున్నది. కూలి డబ్బు కొంత తగ్గింది. బిడ్డ బడి నుండి వచ్చేసరికి వాకిట్లో చేట, కాయల కుప్ప, అవ్వ ఉన్నారు. ఇద్దరూ కూర్చొని కాయలు ఒలుస్తూ బడి కబుర్లు చెప్పుకున్నారు. రెండు చేతుల వేళ్ళకూ పని ఉన్నది. నోటికి మాటలు ఉన్నాయి. మధ్యాహ్నపు గిన్నెలో గింజలు ఆ వారమే సగానికి పడిపోయాయి.

సంధ్యవేళకు మరొక ఆలంబనం దొరికింది. పక్కింటి వృద్ధుడు శనివారాలు ఆంజనేయస్వామి గుడిలో భజన చేసేవాడు. ఆయన తన పాత చిడతలు బిడ్డకు ఇచ్చాడు. చిడతలు పట్టుకోవడంలో ఒక విశేషం ఉన్నది: ఒక చెక్క బొటనవేలికి, రెండవ చెక్క తక్కిన వేళ్ళకు. బొటనవేలు కదిలితేనే తాళం పుడుతుంది. ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ ఏ వేలిని నిందించారో ఆ వేలినే ఇప్పుడు ఆ వృద్ధుడు మెచ్చుకున్నాడు. ప్రతి సాయంకాలం బిడ్డ గడపలో కూర్చొని తాళం సాధన చేసింది. శనివారం గుడిలో పెద్దల నడుమ కూర్చున్నది.

యోగశాస్త్రం దీనిని ప్రతిపక్ష భావన అంటుంది. అడ్డువచ్చే వృత్తితో పోరాడక, దానికి ఎదురైన వృత్తిని పెంచడం దాని మార్గం. 1973లో అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞులు అజ్రిన్, నన్ అనేవారు అలవాట్లను మాన్పే పద్ధతి ఒకదానిని ప్రకటించారు. అందులో మొదటి అంగం, అలవాటు ఎప్పుడు కలుగుతున్నదో ఆ వ్యక్తే గమనించడం. రెండవది, ఆ కదలికకు వీలులేకుండా అదే అవయవానికి మరొక పని కల్పించడం. మూడవది, చుట్టూ ఉన్నవారి ప్రోత్సాహం. తరువాతి కాలంలో వేలు చీకే పిల్లల విషయంలోనూ ఆ పద్ధతిని ప్రయోగించి చూశారు. గోపాల్‌పేటలోని అవ్వకు ఆ శాస్త్రమూ తెలియదు, ఈ శాస్త్రమూ తెలియదు. చింతగింజలు, వేరుశనగ కాయలు, చిడతలు ఆమెను అక్కడికే చేర్చాయి.

ఇక మిగిలినది రాత్రి. అది కఠినమైనది. జాగ్రదవస్థలో బుద్ధి మేల్కొని ఉంటుంది గనుక చెప్పిన మాట వింటుంది. నిద్ర ముంచుకొచ్చే వేళ బుద్ధి సడలి, వాసన ఒక్కటే మిగులుతుంది. పగలంతా ఒక్కసారి కూడా వేలు ముట్టని బిడ్డ రాత్రి నిద్రలోకి జారుతూ తెలియకుండానే దానిని నోటికి చేర్చుకునేది. ఉదయం లేచి తడిసిన వేలిని చూసి ఏడ్చేది. “నేను పెట్టుకోలే అవ్వా, అదే పోయింది” అనేది. ఆ మాటను అబద్ధమని కొట్టివేయరాదు. తాను వద్దనుకున్నదే తనచేత బలవంతంగా చేయించేది ఏమిటని గీత మూడవ అధ్యాయంలో అర్జునుడు అడిగినప్పుడు, ఆ ప్రశ్న వెనుక ఉన్నది కూడా ఇదే విస్మయం.

అవ్వ పెట్టె తెరిచి, కోడలు విడిచివెళ్ళిన రెండు పాత చీరలను తీసింది. వాటిని నాలుగు పొరలుగా పరిచి, మూడు రాత్రులు దీపం దగ్గర కూర్చొని చిన్న బొంత కుట్టింది. తల్లి కట్టిన చీరల మెత్తదనం, ఆ వస్త్రాల వాసన బిడ్డకు పరిచితమైనవి. ఆ బొంతను రెండు చేతులా గుండెకు హత్తుకొని నిద్రించడం బిడ్డకు అలవాటైంది. ఫోనులో కోడలితోనూ మాట్లాడింది. అంతవరకు తల్లి పని ముగించుకొని, వంట చేసుకొని, వీలున్నప్పుడు ఫోను చేసేది; అప్పటికి బిడ్డ నిద్రించి ఉండేది. ఇకపై వంటకు ముందే, బిడ్డ పడుకునే వేళకు చేయాలని నిశ్చయించారు. ఆ మొదటి రాత్రి తల్లి అత్తను అడిగింది: “నేను పక్కన లేననే గదా అత్తమ్మా చీకుతున్నది?” అవ్వ వెంటనే సమాధానం చెప్పలేకపోయింది. అవునంటే కోడలి గుండె పగులుతుంది, కాదంటే అసత్యమవుతుంది. ఆమె ఫోనును బిడ్డ చెవి దగ్గర పెట్టింది.

ఇక్కడ జిజ్ఞాసువుకు సంశయం కలగవచ్చు. వేలు పోయి బొంత వచ్చింది. ఒక ఆలంబనం స్థానంలో మరొక ఆలంబనం చేరింది. ఇది వైరాగ్యమెట్లా అవుతుంది? దీనికి పెద్దలు చెప్పిన స్థూలారుంధతీ న్యాయమే సమాధానం. వివాహవేళ వధువుకు సూక్ష్మమైన అరుంధతీ నక్షత్రాన్ని చూపదలచినవారు మొదట దాని సమీపంలోని పెద్ద నక్షత్రాన్ని చూపుతారు. దృష్టి అక్కడ నిలిచిన తరువాత, ‘అది కాదు, దాని పక్కన చూడు’ అంటారు. మొదటి నక్షత్రం అసత్యం కాదు, సోపానం. బిడ్డకు దేహాన్ని అంటిపెట్టుకున్న వేలికంటె తల్లి చీర ఒక అడుగు సూక్ష్మం. చీరకంటె తల్లి స్వరం సూక్ష్మం. స్వరంకంటె, ‘అమ్మ నన్ను తలుస్తున్నది’ అన్న విశ్వాసం సూక్ష్మం. సాధకుడు విగ్రహం నుండి నామానికి, నామం నుండి భావానికి సాగే క్రమం ఇటువంటిదే. క్రింది మెట్టు మీద నిలిచినవానిని తోసివేస్తే పై మెట్టుకు చేరడు, పడిపోతాడు.

కార్తికం గడిచేసరికి రాత్రి చెంబులో గింజలు వారానికి రెండో మూడో అయ్యాయి. అప్పటినుండి గింజ వేసే పనిని బిడ్డే తీసుకున్నది. ఎవరూ చూడనప్పుడు వేలు నోటికి వెళ్ళినా తానే వెళ్ళి గింజ వేసి వచ్చేది. బస్తాల వెనుక దాగుకొన్న బిడ్డ ఇప్పుడు తన లెక్క తానే చెబుతున్నది. దంతాల సంగతి ఎట్లా ఉన్నా, ఆ గృహంలో జరిగిన అసలైన చికిత్స ఇదేనని చెప్పాలి. దండన పోయిన చోటనే సత్యం నిర్భయంగా నోరు విప్పుతుంది.

సంక్రాంతికి తల్లిదండ్రులు వచ్చారు. ఐదు దినాలు ఇల్లు కళకళలాడింది. చెంబులన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆరవ దినం ఉదయం వారు బస్సెక్కారు. ఆ రాత్రి బిడ్డ వేలు నోటికి వెళ్ళింది. పగలు సైతం వెళ్ళింది. నాలుగు దినాలు అలాగే గడిచాయి. చిడతలు ముట్టలేదు. గింజ వేయలేదు. ఇరుగుపొరుగు ‘మళ్ళీ మొదటికే వచ్చింది’ అన్నారు. అవ్వ మాత్రం ఒక్కమాట అనలేదు. పక్కన కూర్చొని ఆ చేతి మీద తన చేయి వేసి నిద్రపుచ్చింది. ఐదవ దినం సాయంకాలం చెంబులో గింజలు పడిన చప్పుడు వినిపించింది. బిడ్డ గుప్పెడు గింజలు తెచ్చి, నాలుగు దినాల లెక్కను ఒక్కసారిగా వేసింది. తరువాత చిడతలు తీసుకొని గడపలో కూర్చున్నది.

చంచలమైన మనస్సు ఎక్కడెక్కడికి పరుగెత్తుతుందో అక్కడక్కడి నుండి దానిని మరల్చి తీసుకురమ్మని గీత ఆరవ అధ్యాయం బోధిస్తుంది. మరల్చి తీసుకురావడమంటే అది మళ్ళీ పోతుందని ముందే అంగీకరించినట్లే. సాధనలో జారినవాని గతి ఏమిటని అర్జునుడు భయపడితే, మేలు కోరి చేసిన ప్రయత్నం నశించదని భగవానుడు అభయమిచ్చాడు. జారిన నాలుగు దినాలు వెనుకటి నాలుగు నెలలను తుడిచివేయలేదు. అవి కూడా అభ్యాసంలో భాగమే. అభ్యాసమంటే దీర్ఘకాలం, ఆదరంతో చేయవలసినదని పతంజలి మహర్షి నిర్దేశించాడు. బిడ్డల విషయంలో ఆ ‘ఆదరం’ అన్న పదాన్ని మరింత జాగ్రత్తగా పట్టుకోవాలి.

శివరాత్రి నాటికి వేలిమీది కాయ మెత్తబడి చర్మం మామూలైంది. దంతవైద్యురాలు మరల చూసి, సందు పెరగలేదనీ, పూడే సూచనలున్నాయనీ, ఆరు నెలల తరువాత తీసుకురమ్మనీ చెప్పింది. ముంబయి నుండి ఫోను రాని రాత్రులు అప్పుడప్పుడు ఉంటూనే ఉన్నాయి. ఆ మరునాడు చెంబులో ఒక గింజ కనిపించడమూ కద్దు.

ఈ వృత్తాంతాన్ని చదివి, తత్త్వజ్ఞానంతో వలస దుఃఖాన్ని కప్పిపుచ్చవచ్చునని ఎవరూ భావించరాదు. తల్లి ఉండవలసిన చోట బొంత ఉన్నదన్న సత్యాన్ని ఏ న్యాయమూ మార్చలేదు. మెట్టచేనుకు నీరు రావడం, ఊరిలోనే పని దొరకడం, ఆ బిడ్డ పక్కన ఆమె తల్లి నిద్రించడం ధర్మం యొక్క పని. అది సమాజం చేయవలసినది. అది నెరవేరే వరకు ఇంటిలోని పెద్దలు చేయగలిగినది ఒకటి ఉన్నది: బిడ్డ పట్టుకున్నదానిని లాగివేయక, అంతకంటె మేలైనదానిని ఆమె చేతికి అందేంత దగ్గరగా తేవడం. వేలు చీకే ప్రతి బిడ్డ వెనుకా ఇంతటి దుఃఖం ఉండదు. చాలామందిలో అది కేవలం శైశవపు శేషం, కాలమే దానిని తీసివేస్తుంది. ఏది ఏమిటో తెలియాలంటే మాత్రం తిట్టడం ఆపి చూడవలసిందే.

తమలోని అలవాట్లను చూసి తమ్మును తామే ద్వేషించుకునే సాధకులు అనేకులు. జపానికి కూర్చోగానే చేయి ఫోనువైపు పోతుంది. ఉపవాస దినాన మనస్సు వంటింట్లో తిరుగుతుంది. వారు తమపై తాము వేపపసరు పూసుకుంటారు, గుడ్డలు కట్టుకుంటారు, సిగ్గుపడి దాగుకుంటారు. తమ అలవాటు ఏ వేళల్లో, ఏ వెలితిని పూరించడానికి వస్తున్నదో నాలుగు చింతగింజలు వేసి చూసుకున్నవారు అరుదు.

కఠోపనిషత్తు హృదయకుహరంలో వెలిగే అంతరాత్మను అంగుష్ఠ పరిమాణం గల పురుషునిగా వర్ణించింది. ఆ పురుషుని దేహభావం నుండి ఎలా వేరు చేయాలో చివరి వల్లిలో ఒక ఉపమానంతో చెప్పింది: ముంజగడ్డి పొరల నుండి లోపలి ఈనెను తీసినట్లు, ధైర్యంతో తీయాలన్నది. పల్లెలో గడ్డి ఈనె తీసినవారికి ఆ పని తెలుసు. గట్టిగా లాగితే ఈనె మధ్యలో తెగిపోతుంది. పొరను ఒక చేత పట్టుకొని, రెండవ చేత మెల్లమెల్లగా సాగదీస్తే తెగకుండా, పూర్తిగా, తెల్లగా వెలుపలికి వస్తుంది.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.